చలిని పద్దు రాసిన జమీందారు

గోడే వెంకట జగ్గారావు గారు 1817లో జమీందారీ వంశంలో పుట్టారు. వేటా, గుర్రపుబగ్గీతో కాలక్షేపం చేసినా అడిగేవారు లేరు. ఆయన మాత్రం మద్రాసు వెళ్ళి, అక్కడి అబ్జర్వేటరీలో టి. జి. టేలర్ దగ్గర శిష్యరికం చేసి ఖగోళ గణితం నేర్చుకొచ్చారు. 1840లో విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లోని తన ఇంట్లోనే, సొంత డబ్బుతో అబ్జర్వేటరీ కట్టారు. డాల్ఫిన్స్ నోస్ కొండమీద జెండాకొయ్య నాటించి పట్నానికి సరైన టైము తెలిసేట్టు చేశారు.

1856లో, నలభై నిండకుండానే పోయారు. దుర్భిణి మూలపడవలసిందే. డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నిలబెట్టారు. 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం అక్కణ్ణుంచే చూశారు.

నక్షత్రాల సంగతి అందరూ చెబుతారు. నన్ను ఆకట్టుకున్నది అక్కడ వాతావరణ లెక్కలు కూడా రాసిపెట్టడం. భారత వాతావరణ శాఖ పుట్టిందే 1875లో. ఇంగ్లండు నడిమి ప్రాంతానికైతే 1659 నుంచీ ఉష్ణోగ్రతల పట్టిక ఉంది. మా చింతూరులో మంచు కురవదు, శబరి మీద పొగమంచే. వెనకటి చలి ఇప్పుడేదిరా అంటారు పెద్దలు నెగడు దగ్గర. నిజమే కావచ్చు. చేతిలో అంకె లేదు గనక వాదన తెల్లారేదాకా సాగుతుంది. ఇవాళ తప్పిన నక్షత్రం రేపు కనబడుతుంది. ఇవాళ్టి చలి రేపు దొరకదు, ఆ గడి ఖాళీయే.

నరసింగరావు గారు 1892లో కన్నుమూసేదాకా ఆ అబ్జర్వేటరీని వదల్లేదు.