విధవరాలు క్లికో

మన గోదావరి డెల్టాలో సోడా కొట్టిన చప్పుడు విననివారు ఉండరు. రామచంద్రపురములో రాజుల కుటుంబము వారు ఆరంభించిన ఆర్టోస్ పానీయము గూడ అందరికి తెలిసినదే. వేదాంత కళాశాలలో గ్రీకు నేర్చుకొనునప్పుడు ఆర్టోస్ అనగా రొట్టె అని చదివి, తరగతిలోనున్న గోదావరి వారమందరము నవ్వుకొంటిమి. ఈ వ్యాసము వేరొక పొంగు పానీయమును, దానిని దేశదేశములకు పంపిన ఒక విధవరాలిని గురించినది. అది మద్యమే. కల్లు, సారా మన పేటలలో ఎన్ని కాపురములను కూల్చినవో చూచుచున్న కాపరిని గనుక దానిని పొగడుట నా ఉద్దేశము కాదు. ఆమె జీవితము చెప్పదగినది గనుక చెప్పుచున్నాను.

బార్బ్ నికోల్ పోన్సార్దాన్ 1777 డిసెంబరు 16న ఫ్రాన్సు దేశములోని రీమ్స్ పట్టణములో జన్మించెను. తండ్రి బట్టల వ్యాపారి, గొప్ప ధనవంతుడు. ఆమెకు పండ్రెండవ ఏట ఫ్రెంచి విప్లవము వచ్చెను. గుడులు మూతపడెను. 1798లో ఫ్రాన్సువా క్లికోతో ఆమె వివాహము బహిరంగముగా గుడిలో జరుగ వీలులేక, ఒక నేలమాళిగలో రహస్యముగా జరిగెనని చెప్పుదురు. తరువాత ఆమె జీవితమంతయు నేలమాళిగలతోనే ముడిపడుట విచిత్రము.

క్లికో వారిది కూడ బట్టల వ్యాపారమే. మామగారైన ఫిలిప్ క్లికో 1772లో ద్రాక్షారసపు వ్యాపారమును దానికి తోడుగా పెట్టెను. బిరడాల మీద లంగరు గుర్తు వేయించిరి. హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో నిరీక్షణను లంగరుతో పోల్చిన సంగతి మన సభ్యులకు క్రొత్త కాదు. కుమారుడైన ఫ్రాన్సువాకు ద్రాక్షారసము మీదనే మనస్సు. ఐతే 1805 అక్టోబరులో అతడు జ్వరముతో చనిపోయెను. భార్యకు ఇరువది యేడేండ్లు. చేతిలో ఆరేండ్ల కుమార్తె క్లెమెంటీన్.

కుమారుని పోగొట్టుకొన్న మామగారు వ్యాపారమును మూసివేయ దలచెను. దానిని తాను నడుపుదునని కోడలు ఆయన వద్దకు వెళ్లెను. ఇక్కడ ఒక చట్టపు సంగతి గమనింపవలెను. 1804లో వచ్చిన నెపోలియను చట్టము ప్రకారము పెండ్లియైన స్త్రీ భర్త అనుమతి లేక వ్యాపారము చేయరాదు. విధవరాలికి మాత్రము ఆ అడ్డు లేదు. మన రాజమండ్రిలో వీరేశలింగం పంతులు గారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహము జరిపించుటకు ఎంత పోరాడవలసి వచ్చెనో మనకు తెలుసు. ఇక్కడ విధవరాలు వీధిలోనికి వచ్చిన అపశకునమనిరి. నేటికిని ఆ మాటను తిట్టుగా వాడువారున్నారు. ఆ ఫ్రెంచి స్త్రీయో, విధవరాలు అను మాటనే సంస్థ పేరులో మొదట పెట్టెను. ఫ్రెంచిలో వవ్ క్లికో అనగా విధవరాలు క్లికో. ఆ రెండు మాటలే ఈనాటికిని సీసా మీద ఉన్నవి.

మామగారు డబ్బు పెట్టెను గాని, అనుభవము గల ఫోర్నో అను వ్యాపారితో కలిసి నాలుగేండ్లు పనిచేయవలెనని షరతు పెట్టెను. ఆ నాలుగేండ్లు నష్టమే. నెపోలియను యుద్ధముల వలన రేవులు మూతపడెను. 1810లో ఫోర్నో తప్పుకొనెను, ఆమె ఒంటరిగా నిలిచెను. మరుసటి ఏట, అనగా 1811లో, ఆకాశమున గొప్ప తోకచుక్క కనబడెను. మనవారైతే అరిష్టమందురు. షాంపేన్ సీమలో ఆ ఏటి ద్రాక్షపంట ఎంత చక్కగా పండెననగా, దానిని తోకచుక్క పంట అని ఇప్పటికిని చెప్పుకొందురు.

1814లో రష్యా సైనికులు రీమ్స్‌ను పట్టుకొనిరి. యుద్ధము ముగియుచున్నదని గ్రహించి, ఆమె పోటీదారులెవ్వరికి తెలియకుండ 10,550 సీసాలను ఓడలో కోనిగ్స్‌బర్గ్ రేవుకు పంపెను. వెంట వెళ్లినవాడు లూయీ బోన్ అను నమ్మకమైన ప్రతినిధి. ఓడ మునిగినా, సరుకు పట్టుబడినా ఇల్లంతయు పోవును. సరుకు చేరెను, కొనువారు ఎగబడిరి. అటుపిమ్మట రష్యాలో ఆమె పేరే ఆ పానీయమునకు పేరాయెను.

పనిలో అసలు చిక్కు వేరు. సోడాలో వాయువును యంత్రముతో ఎక్కింతురు. షాంపేన్‌లో అది సీసాలోనే పుట్టును. కల్లు ముంతలో పొంగు వచ్చునట్లే, మూసిన సీసాలో రెండవమారు పులిసి, వాయువు బయటకు పోలేక రసములో కలియును. ఆ ఒత్తిడి మోటారు కారు టైరులోని దానికి రెండింతల కంటె ఎక్కువ. సీసాలు పగులుచుండెను; ఒకటి పగిలిన ప్రక్కవియు పగులును. పనివారు ఇనుప ముసుగులు ధరించిన కాలమది. వారి కండ్లు, చేతులు ఎన్ని పోయెనో చరిత్రలు అంతగా వ్రాయవు, యజమానుల పేర్లే వ్రాయును. మరి పులిసిన తరువాత మడ్డి మిగులును. వేరే సీసాలోనికి వంచిన వాయువు పోవును, వంచనిచో రసము మురికిగా ఉండును.

1816 ప్రాంతములో ఆమె, పనిపెద్ద ముల్లర్ కలిసి దీనికి మార్గము కనుగొనిరి. బల్లకు రంధ్రములు చేయించి సీసాలను తలక్రిందులుగా నిలిపి, ప్రతిదినము కొంచెము కదల్చి త్రిప్పుచుండిరి. కొన్ని వారములకు మడ్డియంతయు మెడలో బిరడా దగ్గరకు చేరును. అప్పుడు బిరడా తీయగా ఆ మడ్డి ఎగిరిపోవును. రసము తేటగా నిలుచును. తన వంటింటి బల్లకే మొదట రంధ్రములు పెట్టించెనని ఒక కథ కలదు. ఇతర వ్యాపారులు దీనిని నేర్చుకొనుటకు కొన్ని ఏండ్లు పట్టెను.

ఒక విషయము నాకు మనస్సున పడదు. ఇంత చేసిన తల్లి తన కుమార్తెకు వ్యాపారమును అప్పగింపలేదు. క్లెమెంటీన్‌ను ఒక ప్రభువునకిచ్చి పెండ్లి చేసెను, అల్లుడు ఖర్చుదారి. సంస్థను ఉద్యోగిగా చేరిన ఎడ్వార్డ్ వేర్లేకు ఇచ్చెను. 1828లో ఆమె బ్యాంకు కూలబోయినప్పుడు తన పరపతితో దానిని నిలిపినవాడతడే గనుక యోగ్యుడే. అయినను మామగారు కోడలి కిచ్చిన అవకాశమును తల్లి కూతురికి ఇయ్యలేదు.

1841లో పని మానుకొని బూర్సో గ్రామములో గొప్ప భవనము కట్టించుకొని, 1866 జులై 29న ఎనుబది యెనిమిదవ ఏట మరణించెను. వేర్లే వంశస్థుల తరువాత, 1980ల చివర సంస్థ ఎల్.వి.ఎం.హెచ్. అను పెద్ద కంపెనీలో భాగమాయెను.

2010లో బాల్టిక్ సముద్రములో, ఫిన్లాండుకు చెందిన ఓలాండ్ దీవుల దగ్గర, మునిగిన ఒక పాత ఓడలో నూట డెబ్బది ఏండ్ల నాటి సీసాలు దొరికెను. ఓడ పేరు తెలియలేదు. బిరడాల అడుగున లంగరు, తోకచుక్క గుర్తులుండుటచేత వాటిలో కొన్ని విధవరాలి నేలమాళిగ నుండి వచ్చినవని గుర్తుపట్టిరి.