రాజుకు తల ఊపని జడ్జి

ఈసారి మనం చెప్పుకోబోయే ఆయన పేరు ఎడ్వర్డ్ కోక్. ఇంగ్లీషులో కోక్ అని రాస్తారు గానీ పలికేది మాత్రం కుక్ అనే. మన వంటశాలలో గరిటె పట్టే కుక్ అనుకునేరు! 400 ఏళ్ళ క్రితం ఇంగ్లాండులో ప్రధాన న్యాయమూర్తిగా చేసిన మనిషి ఈయన.

1552లో మైల్‌హామ్ అనే పల్లెలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. కేంబ్రిడ్జిలో చదివి, లాయరై, 1594లో అటార్నీ జనరల్, అంటే ప్రభుత్వం తరఫు పెద్ద వకీలు అయ్యాడు. అప్పట్లో ఆయన పూర్తిగా రాజు గారి మనిషే. 1603లో వాల్టర్ రాలీ అనే ఆయన మీద రాజద్రోహం కేసు నడిచినప్పుడు, కోర్టులోనే నిందితుణ్ణి నానా తిట్లూ తిట్టాడు. మంచివాడని ముందే అనుకోకండి.

1606లో జడ్జి అయ్యాక మనిషి మారాడు. ఆ రోజుల్లో జడ్జి ఉద్యోగం రాజు దయ. నచ్చితే ఉంచుతాడు, నచ్చకపోతే తీసేస్తాడు. 1607లో జేమ్స్ రాజు, నాకూ తెలివుంది కదా, కేసులకు నేనే తీర్పు చెప్తానన్నాడు. తెలివి ఒక్కటే చాలదు, చట్టం ఏళ్ళ తరబడి చదవాలి, రాజు కూడా చట్టం కిందే ఉండాలి అని కోక్ చెప్పాడు. రాజుకు ఒళ్ళు మండిపోయింది. 1610లో ఇంకో మాట చెప్పాడు: రాజు ఒట్టి ప్రకటన చేసి కొత్త నేరాన్ని పుట్టించలేడని.

1613లో ఆయన్ను వేరే కోర్టుకు మార్చారు. పదవి పెద్దది, రాబడి తక్కువ. ఈ సలహా ఇచ్చింది ఫ్రాన్సిస్ బేకన్, కోక్ అంటే గిట్టనివాడు. పైకి చూస్తే ప్రమోషనే!

1616లో అసలు గొడవ వచ్చింది. ఒక బిషప్‌కు రాజు ఇచ్చిన చర్చి ఆదాయం మీద కేసు నడుస్తోంది. నాతో మాట్లాడేదాకా ఆపండి అని రాజు కబురు పంపాడు. 12 మంది జడ్జీలూ కలిసి, అది మా ప్రమాణానికి విరుద్ధం, ఆపలేం అని ఉత్తరం రాశారు. జూన్‌లో రాజు అందరినీ పిలిపించాడు. అందరూ మోకాళ్ళ మీద పడ్డారు, కోక్ కూడా. ఇకముందు నేను ఆపమంటే ఆపుతారా అని అడిగితే 11 మంది సరే అన్నారు. కోక్ ఒక్కడే, అలాంటి సమయం వచ్చినప్పుడు జడ్జి చేయాల్సిన పని చేస్తానన్నాడు. ఆ 11 మంది మీద నాకు కోపం రాలేదు. ఉద్యోగం పోతే ఇల్లు గడవాలి కదా. కానీ కబడ్డీలో ఒక జట్టు కెప్టెనే అంపైరును మార్చగలిగితే ఆ ఆట ఎవరు ఆడతారు?

నవంబరులో కోక్‌ను తీసేసి హెన్రీ మాంటేగును వేశారు. తరువాత చార్లెస్ రాజు కూడా 1626లో, తన బలవంతపు అప్పు చట్టబద్ధమేనని ఒప్పుకోలేదని రాండల్ఫ్ క్రూ అనే ప్రధాన న్యాయమూర్తిని ఇలాగే పంపేశాడు. చివరకు 1701లో, జడ్జిని తీసేయాలంటే పార్లమెంటు రెండు సభలూ అడగాలని అక్కడ చట్టం చేశారు. మన రాజ్యాంగం 124వ అధికరణంలోనూ దాదాపు అదే పద్ధతి ఉంది. అయినా తీసేయకుండానే పక్కన పెట్టే దారి ఉంది. 1973 ఏప్రిల్‌లో కేశవానంద భారతి తీర్పు వచ్చిన మర్నాడే, ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పిచ్చిన ముగ్గురు సీనియర్లను దాటేసి ఏ.ఎన్.రేను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఆ ముగ్గురూ రాజీనామా చేశారు.

కోక్ సంగతికి వద్దాం. మళ్ళీ దర్బారులో చోటు కోసం 1617లో చిన్న వయసు కూతుర్ని, ఆమె తల్లి వద్దన్నా వినకుండా, రాజుకు ఇష్టుడైన వాడి అన్నకిచ్చి పెళ్ళి చేశాడు. ఈ పని నాకు అస్సలు నచ్చలేదు. తరువాత పార్లమెంటు సభ్యుడై మళ్ళీ రాజుతో తగవు పడ్డాడు, 70 ఏళ్ళ వయసులో నెలల తరబడి లండన్ టవర్ జైల్లో ఉన్నాడు. 1628లో, కారణం చూపకుండా ఎవర్నీ జైల్లో పెట్టకూడదనే హక్కుల విజ్ఞాపన తయారు చేయడంలో ముందు నిలబడ్డాడు.

1634 సెప్టెంబరులో ఆయన చావు బతుకుల్లో ఉండగానే రాజు మనుషులు వచ్చి ఇంట్లోని కాగితాలన్నీ పట్టుకుపోయారు. 1641లో పార్లమెంటు వాటిని అచ్చు వేయమంది. తరువాత కొన్ని వందల ఏళ్ళు లా చదివేవాళ్ళు ఆ పుస్తకాలే బట్టీ పట్టారు.