స్పర్శ లేని మచ్చా? దాచుకోకండి

గిచ్చినా తెలియని మచ్చ మీ ఒంటిపై ఉందా? అయితే ఫాదర్ డేమియన్ గురించి తెలుసుకోండి. 1840లో బెల్జియంలో పుట్టిన ఈ క్రైస్తవ గురువు 1873లో హవాయిలోని మొలోకాయ్ దీవికి వెళ్లారు. కుష్ఠు సోకినవారిని అయినవాళ్ల నుంచి వేరుచేసి అక్కడికి పంపేవారు. దిక్కులేనివారికి సేవే దైవసేవ అని నమ్మి, ఆయన వాళ్ల పుండ్లకు కట్లు కట్టారు. చనిపోతే శవపేటికలూ చేశారు. 1884లో ఒకరోజు సలసల కాగిన నీళ్లు పాదాన్ని కాల్చినా నొప్పి తెలియలేదు. కుష్ఠు నరాలను దెబ్బతీసిందనడానికి అదే గుర్తు. 1889లో 49 ఏళ్లకే కన్నుమూశారు.

అప్పట్లో దీన్ని నయం చేసే మందు లేదు. ఇప్పుడుంది. 6 నుంచి 12 నెలలు వాడితే నయమవుతుంది, ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. అయినా సిగ్గుపడి, వేళ్లు వంకరపోయాక మా ఓపీకి వచ్చేవారున్నారు. మీరు ఆలస్యం చేయకండి. మీ ఇంట్లో పనిచేసేవారికి అలాంటి మచ్చ కనిపిస్తే పని మాన్పించకండి, ఆసుపత్రికి పంపండి.