కుమారప్ప చూసిన రాజమండ్రి పెన్ను



గాంధీగారి పేరు తెలియని పిల్లలు మన క్లాసుల్లో లేరు. ఆయన దగ్గర వస్తువుల మంచిచెడ్డలు లెక్కకట్టిన అకౌంటెంటు జె.సి. కుమారప్ప గారి గురించి ఈ నెల మీ ఇంట్లో మాట్లాడతారని ఇది రాస్తున్నాను.

ఆయన 1892లో తంజావూరులో ఒక క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. లండన్‌లో అకౌంటెన్సీ చదివారు, బొంబాయిలో ప్రాక్టీసు పెట్టారు. తర్వాత అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో చదువుతూ, మన దేశం ఎందుకు పేదదైందో ప్రభుత్వ లెక్కల్లోనే వెతికారు. ఆ పరిశోధన ఆయన్నే మార్చేసింది. 1929లో ఆ వ్యాసం పట్టుకుని సబర్మతి వెళ్లారు. చెట్టు కింద, పేడతో అలికిన నేల మీద ఒక పెద్దాయన నూలు వడుకుతున్నారు. అపాయింట్‌మెంటుకి ఇంకా టైముంది కదా అని కుమారప్ప చూస్తూ నిలబడ్డారు. ఆయనే గాంధీ అని తెలిశాక సూటుతోనే నేల మీద కూర్చున్నారు. తర్వాత ఖద్దరుకు మారిపోయారు.

1934లో వార్ధాలో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం మొదలైతే దాని పని ఆయన చేతికే వచ్చింది. ఆయన చూపు ఎలాంటిదో మన ఊరి సంగతులతోనే చెప్పొచ్చు. గాదెలో ధాన్యం తీసేకొద్దీ తరిగిపోతుంది. గోస్తనిలో నీళ్లు ఏటా వానతో మళ్లీ వస్తాయి. బొగ్గు, పెట్రోలు, ఇనుము గాదె లాంటివి, కలప, పంట నది లాంటివి అన్నది ఆయన లెక్క. గాదె మీద బతికితే దాని కోసం దేశాలు కొట్టుకుంటాయని కూడా హెచ్చరించారు. అందుకే కిరోసిన్‌కు బదులు మొక్కల నూనెతో వెలిగే మగన్ దీపాన్ని ఆ సంఘం తయారుచేసింది. మంచి పొలంలో చెరకు వేసే కన్నా, పంట పండని నేలలో పెరిగే తాటిచెట్ల నుంచి బెల్లం తీయమన్నారు. తాటిబెల్లం మనకి కొత్తేం కాదు. దంపుడు బియ్యాన్ని మిల్లు బియ్యం కన్నా మేలన్నారు. ఇప్పుడు దాన్నే సూపర్‌మార్కెట్లో ఎక్కువ ధర పెట్టి కొంటున్నాం!

ఇక పెన్ను సంగతి. రాజమండ్రిలో కె.వి. రత్నం గారు 1932 నుంచి స్వదేశీ ఫౌంటెన్ పెన్నులు చేసేవారు. మొదట పంపిన పెన్నులో విదేశీ భాగాలున్నాయని గాంధీగారు ఒప్పుకోలేదని చెబుతారు. రత్నం గారు పట్టు వదల్లేదు. మళ్లీ చేసిన పెన్ను కుమారప్ప గారి ద్వారానే గాంధీగారికి చేరింది. 1935 జులైలో ఆయన దానితో రాసి చూసి, విదేశీ పెన్నులకు బదులు బాగానే పనికొస్తుందని రత్నం గారికి జాబు రాశారు.

ఆ ఎబొనైట్ పెన్ను ఎందుకు గొప్పదో పిల్లల పౌచ్ తెరిస్తే తెలుస్తుంది. ఇంకు అయిపోతే పోసుకోవచ్చు, పాళీ అరిగితే అదొక్కటే మార్చుకోవచ్చు. మనవి నెలకు ఎన్ని చెత్తబుట్టలోకి పోతున్నాయో ఒకసారి మీ పిల్లల చేతే లెక్కపెట్టించండి. తెల్ల యూనిఫాం మీద ఇంకు మరకల భయం మీకుంటుంది, నాకు తెలుసు. నాలుగో తరగతి దాకా పెన్సిల్ చాలు.

క్విట్ ఇండియా రోజుల్లో జబల్‌పూర్ జైల్లో కూర్చుని కుమారప్ప తన ఆలోచనలన్నీ పుస్తకంగా రాశారు. చివరి ఏళ్లు మధురై దగ్గర కల్లుపట్టిలో గడిపారు. 1960 జనవరి 30న, గాంధీగారి వర్ధంతి రోజునే కన్నుమూశారు. రత్నం పెన్నులు రాజమండ్రిలో ఇప్పటికీ చేత్తోనే తయారవుతున్నాయి.