ధనుర్వాతం గుట్టు తేల్చిన కిటసాటో

మేకు గుచ్చుకోగానే టీటీ ఇంజెక్షన్‌ కోసం పరుగెడతాం కదా! దానికి బాట వేసినవారిలో ముఖ్యుడు కిటసాటో షిబసబురో.

1853లో జపాన్‌లోని ఓ పల్లెలో పుట్టారు. వైద్యం చదివి, బెర్లిన్‌లో రాబర్ట్‌ కాక్‌ ప్రయోగశాలలో చేరారు. ధనుర్వాతం బ్యాక్టీరియాను ఇతర క్రిముల నుంచి వేరుచేయడం అప్పటికి ఎవరికీ సాధ్యం కాలేదు. ఆయన ఆ క్రిములన్నింటినీ 80 డిగ్రీల వేడిలో ఉంచారు. మిగతావి చచ్చిపోయాయి, ధనుర్వాతం స్పోర్లు బతికాయి. వాటిని గాలి తగలకుండా హైడ్రోజన్‌లో పెంచారు. ఇది 1889లో. మరుసటి ఏడాది బేరింగ్‌తో కలిసి, దీని విషానికి రక్తంలో విరుగుడు తయారవుతుందని నిరూపించారు. 1901లో తొలి వైద్య నోబెల్‌ బేరింగ్‌ ఒక్కరికే దక్కింది. కిటసాటో స్వదేశంలో పరిశోధన సంస్థలు స్థాపించి, 1931లో కన్నుమూశారు.

అయితే ఆ విరుగుడు అప్పటికే నరాలను పట్టుకున్న విషాన్ని తొలగించలేదు. అందుకే దవడలు బిగుసుకుపోయాక వచ్చినవారిని వారాల తరబడి ఐసీయూలో ఉంచాల్సి వస్తుంది. వెంటిలేటర్లు చాలని పేద దేశాల్లో ఎందరో పెద్దలు ఇప్పటికీ దీనికి బలవుతున్నారు.

చిన్నప్పటి టీకా జీవితాంతం కాపాడదు. పిల్లల టీకా కార్డు భద్రంగా దాచే మీరు, ఇంట్లో అమ్మానాన్నలు చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో ఈరోజే అడగండి. పదేళ్లు దాటితే టీడీ బూస్టర్‌ వేయించండి.