పొంగుకు దారి పెట్టిన మోక్షగుండం

కంప్యూటరు ప్రోగ్రాము వందమంది మార్కులు కూడుతుంటే ఒకరి గడిలో అంకెకు బదులు అక్షరం ఉందనుకోండి. పని అక్కడే ఆగిపోకూడదు. ఆ తప్పును పట్టుకొని, పక్కన రాసిపెట్టి, మిగతా తొంభైతొమ్మిదీ పూర్తి చేయాలి. ఈ పాఠం చదివినప్పుడల్లా నాకు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు గుర్తుకొస్తారు.

ఆయన మైసూరు రాజ్యంలోని ముద్దెనహళ్లిలో పుట్టారు. ఇంటిపేరు మాత్రం మన తెలుగు నేల మీది మోక్షగుండం గ్రామానిది. చిన్ననాడే తండ్రిని పోగొట్టుకొని, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బెంగుళూరులో చదివారు. పూనాలో ఇంజనీరింగు పూర్తిచేసి 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు.

పూనా దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయంలో నీటి నిల్వ పెంచాలి, వరదొస్తే కట్టకు ముప్పు రాకూడదు. అందుకు ఆయన తమంతట తామే తెరుచుకునే తలుపులు రూపొందించారు. 1903లో వాటిని అమర్చారు. నీరు నిండు మట్టం దాటితే తెరుచుకుంటాయి, ఎక్కువైన నీరు పోగానే మూసుకుంటాయి. అర్ధరాత్రి వరదొచ్చినా మనిషి ఉరకాల్సిన పని లేదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలమందిని బలిగొన్నది. మరుసటేడు నిజాం ప్రభుత్వం ఆయనను పిలిపించింది. వానల లెక్కలు, చెరువుల లెక్కలు తీస్తే, ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగాయని తేలింది. మా నల్లగొండ రైతుకు ఇది విడమరచి చెప్పనక్కర లేదు. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండుతది. పై కట్టే తెగితే కింది కట్ట కూడా నిలవదు. నగరానికి ఎగువన వరదను పట్టి, నది మోయగలిగినంతే వదిలే జలాశయాలు కట్టాలని ఆయన సూచించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి.

ఆయన 1912 నుంచి 1918 దాకా మైసూరు దివానుగా పనిచేశారు. 1955లో భారతరత్న అందుకొని, నూరేళ్లు నిండాక 1962లో కన్నుమూశారు.

పొంగు రాదని ఆయన ఏనాడూ అనుకోలేదు. వస్తుందనే లెక్కగట్టి దారి పెట్టారు. తప్పును రాసిపెట్టకుండా మింగేసే ప్రోగ్రాము, మత్తడికి మట్టి పోసిన చెరువు లాంటిది. నిండుగా కనబడుతది గాని ఏదో రాత్రి తెగుతది.

మిత్రులారా! ఒక్క పేపరు పోయిందని చదువే మానేసి నాగలి పట్టిన తెలివైనవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. వ్యవసాయం చిన్నదని కాదు, వాళ్ల చదువుకు మత్తడి లేకపోయిందనే నా బాధ. పోయిన పేపరును గుర్తుపెట్టుకొని మళ్లీ రాద్దాం. మిగతావి మాత్రం ఆపవద్దు.