తప్పును పట్టిచ్చే లెక్క

పిల్లలూ, కంప్యూటర్ గదిలో మనం రాసిన ప్రోగ్రాం తప్పు జవాబిస్తే ఏం చేస్తాం? మధ్యమధ్యలో ప్రింట్ వరుసలు చేర్చి, ఏ మెట్టులో ఏ విలువ వచ్చిందో చూస్తాం. తప్పు దొరికాక వాటిని చెరిపేయనక్కర్లేదు. కావాలన్నప్పుడే కనిపించేలా ఒక మీట పెట్టుకుంటే చాలు. దాన్నే డీబగ్ మోడ్ అంటాం. మన దేశానికి కంప్యూటర్లు రాకముందే, లెక్కలోనే తనిఖీని కలిపిన శాస్త్రవేత్త ఒకరు కోల్‌కతాలో ఉండేవారు.

ఆయనే ప్రశాంత చంద్ర మహలనోబిస్. 1893 జూన్ 29న ఈ నగరంలోనే పుట్టారు. కేంబ్రిడ్జిలో చదివి వచ్చి, ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించారు. 1931లో భారతీయ గణాంక సంస్థను స్థాపించారు. మన తెలుగువారైన సి.ఆర్. రావు గారు ఎదిగింది ఆ సంస్థలోనే.

1937లో బెంగాల్‌లో జనపనార సాగు ఎంతో తేల్చే సర్వే మొదలుపెట్టారు. పొలాలన్నీ కొలవడం కష్టం కనుక కొన్నింటినే నమూనాగా ఎంచారు. మరి కొలిచేవారే పొరబడితే? అందుకని ఒకే ప్రాంతం నుంచి రెండు నమూనాలు తీసి, రెండు జట్లకు విడివిడిగా అప్పగించే పద్ధతి తెచ్చారు. ఫలితాలు దగ్గరగా వస్తే నమ్మవచ్చు. బాగా తేడా వస్తే ఎక్కడో పొరపాటు జరిగినట్టే. పంట అంచనా తప్పితే దెబ్బ తినేది రైతే కదా!

1950లలో దేశంలోని తొలి డిజిటల్ కంప్యూటర్ వచ్చింది ఆయన సంస్థకే. 1972 జూన్ 28న ఆయన కన్నుమూశారు. ఆయన పుట్టినరోజునే గణాంక దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

మనమూ జవాబు ఒక్కటే రాసి ఊరుకోవద్దు. మెట్లు కూడా ఉంచుదాం. తప్పు దొరికేది అక్కడే.